మూడు చీరల నీడ

అత్తమ్మ పోయిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను డాబా మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. ఫోను పెట్టేశాక మిగిలిన వాటికీ పోశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. కడసారి చూపు దక్కలేదు. అందుకేనేమో, ఆమె ఇంకా డాబా మీద చీరల కిందే కూర్చుని ఉన్నట్టుంటుంది నాకు.

ఆ చీరల సంగతి మీకు చెప్పాలి. సూరత్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. డాంగ్ అడవిలో ఎండ కాసే రాళ్ల వాలు మీద, వాగు ఒడ్డున, చిక్కటి చెట్ల కింద నేరేడు మొక్కలు నాటి, ఎక్కడ ఎలా నిలదొక్కుకుంటాయో చూద్దామనుకున్నాను. ఇంతలో మళ్లీ లాక్‌డౌన్. సంచుల్లోని మొక్కలన్నీ ఆల్థాన్‌లోని మా డాబా ఎక్కాయి. ఏ చోటికి వెళ్లే మొక్కకు ఆ చోటి వెలుతురు ముందే అలవాటు చెయ్యాలి. నీడకు వల కొందామంటే బజారు మూత.

“చీరలున్నయి గద పిల్లా,” అంది అత్తమ్మ.

రింగ్ రోడ్ దుకాణాల చీరలకు ఏళ్ల తరబడి లేసు కుట్టిన మనిషి. మరకపడి ఎవరూ తీసుకోనివి ఇంట్లో మూటలుగా ఉండేవి. వాగు మొక్కల మీద ఒక చీర, చిక్కటి అడవికి వెళ్లే వాటి మీద మూడు, పందిరిలా కట్టాం. రాళ్ల వాలుకు పోయేవి ఎండలోనే. వాటికి ఆమె పెట్టిన పేరు “బట్టల్లేనోళ్లు.”

ఒకరోజు మూడు చీరల వాళ్ల మీద జాలి పుట్టి చీరలు తీసేసింది. సాయంత్రానికి లేతాకులు మాడాయి. నేను నోరు తెరిచేలోపే, “ఏమనకు. నాకు సమజైంది,” అని మళ్లీ కట్టి, పీట వేసుకుని తనూ వాటి కింద కూర్చుంది.

“జర సల్లగనే ఉంది. అడవిల గిట్లనే ఉంటదా?”

“ఇంచుమించు.”

“ఇంచుమించంటే ఏంది? సదువుకున్నోళ్లు ఒక్క ముక్క సాఫ్ చెప్పరు. నాటేటప్పుడు నన్ను తోల్కపో, నేనే చూస్త.”

తప్పకుండా తీసుకెళ్తానన్నాను. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

నాకు ప్రతిదీ అనుమానమే. కుళాయి నీళ్లతో పెరిగినవి అడవిలో బతుకుతాయా అని ఆమెనే అడిగేదాన్ని. సూది మీంచి చూపు తిప్పకుండా, “కొత్తల అలుగుతయి. ఆకు రాలుస్తయి. సూరత్‌కొచ్చిన కొత్తల నాకు శానా దినాలు అన్నం సయించలే. చచ్చిన్నా?” అనేది. అప్పుడు పకపకా నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఏం చెయ్యాలో తోచదు.

వానలు పడ్డాక అడవిలోకి వెళ్లనిచ్చారు. వ్యానులో ముందు సీటు మీద ఆమె పీట పెట్టుకుని వెళ్లాను. చిక్కటి చెట్ల కింద చివరి మొక్క నాటి, పక్కనే పీట వేసి, తలెత్తి చాలాసేపు చూశాను. ఆకుల మీద ఆకులు, వాటిపైన ఇంకా ఆకులు. కింద వెలుతురు నీళ్లలో నానినట్టుంది.

“నాలుగు చీరలు, అత్తమ్మా,” అన్నాను పైకే. “మనం ఒకటి తక్కువ కట్టాం.”

పైన ఎక్కడో గాలి కదిలింది. చిన్న ఎండ తునక ఒకటి జారి, ఖాళీ పీట మీద కాసేపు కూర్చుని, మెల్లగా మొక్క మీదికి వెళ్లింది.