నా నెత్తి మీద ఒట్టు

మా నాన్నంత మర్యాదస్తుడు మా ఊళ్ళో లేడు. రొయ్యల చెరువుకి మేత బస్తాలు తెచ్చే ఆటోవాణ్ణి కూడా "రండి, కూర్చోండి" అనేవాడు. ఆ మర్యాదంతా గుమ్మం బయటే. లోపల అమ్మ ఉండేది. కూరలో ఉప్పెక్కువైనా, చెరువులో రొయ్య చచ్చినా దెబ్బలు ఆవిడకే.

నా తొమ్మిదో ఏట అమ్మ ఒకే ఒక్కసారి తెగించింది. చిట్లిన పెదవితోనే నన్ను ఆటో ఎక్కించి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళింది. సంగతి తెలిసి అమ్మమ్మ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెనకాలే వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందే అని అమ్మనే తిట్టింది.

ఎస్సై నాన్నకి కబురు పెట్టాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయనకి కుర్చీ చూపించారు, అమ్మ నిలబడే ఉంది. కేసు రాస్తే సంసారం చెడుతుందని, రేపు ఆడపిల్లకి సంబంధాలు రావని తలా ఒక మాటా చెప్పారు. గృహహింస చట్టం అప్పటికే ఉంది. ఆ గదిలో దాని పేరెత్తిన పాపాన ఎవరూ పోలేదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే అన్నీ చెప్పేద్దామనే నిలబడ్డాను.

చివరికి నేనూ పనికొచ్చాను. ఒక పెద్దాయన నన్ను ముందుకి తోశాడు.

"పిల్ల నెత్తి మీద చెయ్యేసి ఒట్టెయ్యండి, ఇక కొట్టనని."

నాన్న వేశాడు. ఎస్సైగారికి దండం కూడా పెట్టాడు. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అమ్మ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. నెత్తి మీద ఒట్టు తప్పితే పోయేది ఒట్టేసినవాడు కాదు, ఆ నెత్తి ఎవరిదో వాళ్ళు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నెల తిరక్కుండానే నాన్న ఒట్టు తప్పాడు. గది తలుపేసి టీవీ సౌండ్ పెంచాడు. అంతకుముందు అమ్మ అరిస్తే పక్కింటివాళ్ళన్నా వచ్చేవాళ్ళు. ఇప్పుడు అరవడం మానేసి కొంగు నోట్లో కుక్కుకునేది. బయటికొచ్చి, మంచం కోడు తగిలిందమ్మా అనేది. ఒట్టు తప్పాడన్న మాట తన నోటినుంచి వస్తే నేను దక్కనని ఆవిడ భయం. నాకు తెలిసిందని తెలిస్తే ఆవిడేమైపోతుందోనని నా భయం. అందుకే ఏమీ విననట్టు ఎక్కాలు బట్టీపట్టేదాన్ని. గుండె మీద చెయ్యేసి కొట్టుకుంటోందా లేదా అని చూసుకునేదాన్ని. జ్వరమొస్తే ఇక ఇదేననుకునేదాన్ని. బడిలో టీచర్లు నన్ను నోట్లో నాలుక లేని పిల్లని మెచ్చుకునేవారు. బుద్ధిమంతురాలినట, నా బొంద!

చదువయ్యాక నాకు రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది. పోయినేడాది అమ్మ చెయ్యి విరిగింది. బాత్రూమ్‌లో జారానంది. ఈసారి నేను ఊరుకోదలచుకోలేదు. చేతి కట్టుతోనే గృహహింస కేసులు చూసే ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడి మేడమ్ మంచావిడ. అమ్మకి కుర్చీ వేయించారు, మంచినీళ్ళిచ్చారు. ఆ ఇంటికి తిరిగి వెళ్ళక్కర్లేదని, ఉండడానికి చోటు చూపిస్తానని, కోర్టు నుంచి రక్షణ ఇప్పిస్తానని చెప్పారు. ఇన్నేళ్ళూ నేను కలలుగన్నది ఆ మాటల కోసమే.

"చెప్పండమ్మా, ఆయన కొట్టారా?"

అమ్మ ఆవిడ వైపు చూడలేదు. నా వైపు తిరిగి, బాగున్న చేతిని నా నెత్తి మీద పెట్టింది.

"లేదండి. స్టేషన్లో ఒట్టేసిన కాణ్ణుంచి ఒక్క దెబ్బ వెయ్యలేదండి."

కట్టు వైపు చూస్తూ మేడమ్ మళ్ళీ మళ్ళీ అడిగారు. అమ్మది అదే మాట. ఆవిడ ఒప్పుకోకపోతే నేనేం చెయ్యనని మేడమ్ నాతో అన్నారు, పాపం.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. రోడ్డు మీదే అమ్మ మీద అరిచాను. ఆయన ఒట్టు తప్పని వారముందా, నాకేమైంది, నిక్షేపంలా బతికే ఉన్నాను కదా అన్నాను.

అమ్మ నా జుట్టు సర్దింది.

"ఇన్నాళ్ళూ నేను చెప్పకపోబట్టే గదమ్మా నువ్వున్నావు."

నాన్నకి అన్నం వేళయిందని ఆవిడే ఆటో ఆపింది.