ఉంగరం బాణీ

పొగమంచు కమ్మిన పొద్దుల్లో హడ్సన్ నది మీద ఫెర్రీ లోగొంతుతో ఒక్క కూత పెడుతుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, నా చెయ్యి గొంతు మీదికే పోతుంది. పియానో అడుగు మెట్టు మీద అలాంటి స్వరమే వాయించే ఎలినార్ గారు గుర్తొస్తారు.

జెర్సీ సిటీలో మా అంతస్తులోనే ఉండేవారు ఆ పియానో టీచర్. రిటైరయ్యాక నెలకోసారి లైబ్రరీలో, ఒక జర్మన్ ఒపెరా సంగీతకారుడి గురించి ఆయన అభిమానులకు పియానో వాయించి చూపిస్తూ ఉపన్యాసం చెప్పేవారు. మోకాళ్ల నొప్పులని నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఏడో తరగతితో చదువు ఆగిన నాకు ఆ ఇంగ్లీషు సగం అందేది కాదు గానీ, ఒక్కసారి విన్న బాణీ మరిచిపోను. ఆ జర్మన్ ఆయన ఒపెరాల్లో, అంటే సంగీత నాటకాల్లో, మనిషికో బాణీ, వస్తువుకో బాణీ. కత్తి బాణీ, ఉంగరం బాణీ అని నేను పేర్లు పెట్టుకుంటే, ఆమె నవ్వుతూ ఆ తెలుగు మాటలే నేర్చుకున్నారు.

ఒక చలికాలం ఆమె ఒకే పూటలో నా పేరు రెండుసార్లు అడిగారు. రెండోసారి అడిగాక తనే నా మణికట్టు పట్టుకున్నారు. వేళ్లు చల్లగా ఉన్నాయి.

“ఈ మరుపు సంగతి ఎవరికీ చెప్పకు సరోజా. తెలిస్తే ఉపన్యాసాలు మాన్పిస్తారు. అవి పోతే నేను పొద్దున లేచి ఏం చెయ్యాలి?”

“అమ్మా, డిస్కషన్‌లో నిన్నేమైనా అడిగితే కుక్కర్ విజిల్ గురించి ఎక్స్‌ప్లెయిన్ చేస్తావా?” అని, తర్వాతి ఉపన్యాసానికి బయల్దేరుతుంటే మా అమ్మాయి ఆటపట్టించింది. నా భయం అది కాదని దానికి చెప్పలేకపోయాను.

ఆ ఉపన్యాసం మధ్యలో ఎలినార్ గారి చేతులు పియానో మీద గాల్లోనే ఆగిపోయాయి. కుర్చీల కిర్రు కూడా ఆగింది. లేచి ఏమని చెప్పను? ముందు వరసలో కూర్చునే, తర్వాత రావాల్సిన బాణీని సన్నగా కూనిరాగం తీశాను. ఆమె నా వైపు చూశారు. వేళ్లు దిగాయి.

“ఉంగరం,” అన్నారు మైకులో.

అది జర్మన్ మాటనుకుని అందరూ నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. చివర చర్చలో ఒక పెద్దాయన దాని స్పెల్లింగ్ అడిగితే, ఎలినార్ గారు నన్ను చూపించారు. తలలన్నీ ఇటు తిరిగాయి.

“స్పెల్లింగ్ రాదండీ,” అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. “పాడమంటే పాడతాను.”

లేచి నిలబడి పాడాను.

ఇంటికొచ్చే దారిలో, “భయపడ్డావా?” అన్నారు.

“చాలా.”

“నేనూ. వచ్చే నెల కూడా ముందు వరసలోనే కూర్చో.”

వేసవి దాకా అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె పియానోనే గుర్తుపట్టలేదు. పోయేముందు నేను పాడుతుంటే దుప్పటి మీద వేళ్లు మాత్రం కదిలేవి.

ఇప్పుడు ఫెర్రీ కూత వినగానే బాణీలన్నీ వరసగా పాడుకుంటాను, ఏదైనా జారిపోయిందేమోనని. నిన్న కత్తి బాణీ మధ్యలో ఆగిపోయాను. పక్క గదిలో లాప్‌టాప్ ముందున్న మా అమ్మాయి, తల తిప్పకుండానే మిగతాది పాడి అందించింది.