మేత తూచిన యంత్రం

2008లో మస్తాన్‌కు యాభై నాలుగేళ్ళు. పద్దెనిమిదో ఏట ఐటీఐలో ఫిట్టర్ కోర్సు ముగించి, పంతొమ్మిదేళ్ళపాటు ఒక జ్యూట్ మిల్లు మరమ్మతుల విభాగంలో పనిచేసి, ఆ తరువాత ఏలూరు పవర్‌పేటలో రెండు లేత్ మిషన్లతో సొంత షాపు పెట్టుకున్నాడు. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల షాఫ్టులు, కొల్లేరు వైపు చేపల చెరువుల మోటార్ల బుష్షులు అక్కడికే వచ్చేవి. కొలతలో మిల్లీమీటరులో వందో వంతు తేడా ఉన్నా ఆ ముక్కను పక్కన పడేసి, కొత్తది లేత్ మీద తిప్పి ఇచ్చేవాడు.

ఇతరుల యంత్రాలకు ముక్కలు చెక్కడంతోనే తన జీవితం ముగుస్తుందేమోనన్న దిగులు నలభై దాటాక ఆయనకు మొదలైంది. తాను గీసి తాను తయారుచేసిన యంత్రం ఒకటి, ఏలూరు పేరు చెక్కిన రేకుతో బయటకు పోవాలన్నది ఆయన కోరిక. కూతురు సుమయ్య పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసిన ఏడాది ఆ కోరికకు ఒక రూపం ఏర్పడింది.

కొల్లేరు ప్రాంతంలో చేపలకు మేత వేసే పద్ధతి ఇది. చెరువులో వెదురు కర్రలు వరుసగా పాతుతారు. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ నూనెచెక్కా కలిపి నింపి, ఉదయాన్నే దోనెలో వెళ్ళి ఒక్కో కర్రకు ఒక్కో సంచి నీటిలో మునిగేలా కడతారు. చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. మూడు గంటల తరువాత సంచులు విప్పుతారు. ఎంత మిగిలిందన్నదాన్నిబట్టి మర్నాటి మేత ఉంటుంది.

మస్తాన్ యంత్రం ఆ మిగిలినదాన్ని తూస్తుంది. సంచికీ కర్రకూ మధ్య, నీరు చొరని స్టీలు గొట్టంలో, బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్ సెల్ ఉంటుంది. గట్టు మీది పెట్టెలో సుమయ్య రాసిన ప్రోగ్రాం ప్రతి పదిహేను నిమిషాలకూ బరువు నమోదు చేసి, చివరి బరువును బట్టి మర్నాటి మేత లెక్కగట్టి, రైతు సెల్‌ఫోనుకు సందేశం పంపుతుంది. నీటిలో మునిగిన సంచి బరువు గాలిలోని బరువు కాదు కాబట్టి, షాపు వెనుక సిమెంటు తొట్టిలో పదకొండు రోజులపాటు సంచులు ముంచి తూచి మస్తాన్ ఒక పట్టిక తయారుచేశాడు. చేపలు లాగినప్పుడల్లా అంకె అదిరేది. ఆ అదురు పోయేందుకు ప్రోగ్రాం వరుసగా అరవై నాలుగు సార్లు తూచి, సగటు మాత్రమే ఉంచేది.

మండవల్లిలో చేపల రైతు కృష్ణబాబు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

"నేను హైదరాబాదులో ఉన్నా నా చెరువు నా ఫోనులో కనపడాలండీ. ముప్పై రోజులు ఒక చెరువులో ఆడించి చూపించండి. ఆడిందా, మా చెరువులకీ, మా బావగారి చెరువులకీ కలిపి నలభై మిషన్లు మీరే చెయ్యాలి."

నలభై యంత్రాలంటే షాపులో ఇక మరమ్మతు పని ఉండదు. మస్తాన్ ఒక షరతు కాగితం మీద రాసి ఇచ్చాడు: ముప్పై రోజులూ యంత్రం చెప్పినంత మేతే వేయాలి, కొలత చెడుతుంది కాబట్టి సంచి కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ తప్ప కర్రలను ఎవరూ ముట్టుకోకూడదు.

జులై 21న పన్నెండెకరాల చెరువులో, ఇరవై నాలుగు కర్రల్లో నాలుగింటికి యంత్రం అమర్చారు. దోనె నడిపినవాడు ముత్యాలరాజు. కొల్లేటికోట మనిషి, కృష్ణబాబు చెరువుల మీద తొమ్మిదేళ్ళుగా మేత కడుతున్నాడు.

"ఏవండీ సాయిబుగారూ, చేప తిన్నదో లేదో ఇది చెబుద్దాండీ?"

"ఎంత తిన్నదో చెబుతుందండి."

"తిన్నాక తేన్చిందో లేదో కూడా చెబితే బావుణ్ణండి," అని నవ్వి, ముత్యాలరాజు యంత్రం బిగించిన పక్క కర్ర మీద అరచెయ్యి ఆనించాడు. "మాకైతే ఈ కర్ర చెబుద్దండి."

"చెయ్యి తీయండి, అంకె మారిపోతోంది," అన్నాడు మస్తాన్. ముత్యాలరాజు చెయ్యి తీసేశాడు.

మొదటి పద్నాలుగు రోజులూ ఎండ కాసింది. ఇరవై కిలోల సంచిలో చివరికి కిలో, కిలోన్నర మిగిలేది. యంత్రం మర్నాటికీ ఇరవై కిలోలే చెప్పేది. పదిహేనో రోజున ముసురు పట్టింది. మబ్బు రోజుల్లో చేప సరిగా తినదు. అయినా ఆ రోజు సంచులు ఖాళీ అయ్యాయని యంత్రం నమోదు చేసింది. మేత ఐదు శాతం పెంచమంది. మరుసటి రోజూ అలాగే జరిగింది. ముసురు విడవని ఏడు రోజుల్లో సంచి ఇరవై కిలోల నుంచి ఇరవై ఏడు కిలోలకు చేరింది.

ముసురు పట్టిన మూడో రోజే ముత్యాలరాజు కృష్ణబాబుతో చెప్పాడు. "బాబుగారూ, చేప తినట్లేదండి. తగ్గిద్దామండి."

"మిషను తిన్నదంటుంటే నువ్వు తినలేదంటావేంట్రా? సంచులు మొయ్యడానికి బద్ధకమా?" అన్నాడు కృష్ణబాబు. షరతు కాగితం ఆయన జేబులోనే ఉంది.

ఇరవై రెండో రోజు, ఆగస్టు 11న తెల్లవారేసరికి చెరువు నిండా శీలావతి, బొచ్చె చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. అడుగున కుళ్ళిన మేత నీటిలోని ప్రాణవాయువును లాగేసింది.

మస్తానూ సుమయ్యా వెళ్ళేసరికి కూలీలు చచ్చిన చేపలను గంపలకెత్తుతున్నారు. కృష్ణబాబు గొంతు హెచ్చించలేదు. "మీ మిషను నా చెరువు తీసేసిందండీ," అన్నాడు.

మస్తాన్ గంట గడువు అడిగాడు. సుమయ్య గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి, ఏడు రోజుల నమోదులూ చదివింది. ప్రతిరోజూ ఒకే తీరు: తొమ్మిదింపావుకు పదకొండు, పన్నెండు కిలోలు, తొమ్మిదిన్నరకు సున్నా. పావుగంటలో చేపలు అంత తినలేవు.

"తొమ్మిదింపావు తరువాత ఏం జరిగిందండీ, ముత్యాలరాజుగారూ?" అని అడిగాడు మస్తాన్.

"విప్పే ముందు సంచులు దులిపానండి."

"రోజూనా?"

"కిలో అరా అయితే అలాగే లాగేస్తామండి. ఎక్కువ మిగిలితే నీళ్ళలోనే దులపాలి గదండీ. లేపోతే పులిసిపోద్ది, చిల్లులు పూడిపోతాయి, లాగితే సంచి చిరిగిపోద్ది. మా నాన్నా అంతేనండి."

యంత్రం పొరపాటుగా తూయలేదు. ఆ క్షణంలో మస్తాన్‌కు ముందుగా కలిగింది ఊరట. ఆయన కృష్ణబాబు వైపు తిరిగి, "నా మిషను సరిగ్గానే తూచిందండి. మేత చేప తినలేదు, ఈయన దులిపాడు. ఇదిగో, ప్రతిరోజూ టైముతో సహా ఉంది," అన్నాడు. అందులో ప్రతి మాటా నిజం.

"అంటే నువ్వేనా?" కృష్ణబాబు ముత్యాలరాజు మీదికి ఒకడుగు వేశాడు. "తినట్లేదు తినట్లేదని గోలపెట్టి, నువ్వే దులిపి పోశావా? గట్టు దిగరా. మళ్ళీ కనపడకు."

ముత్యాలరాజు దోనెలోంచి తువ్వాలు తీసుకున్నాడు. మస్తాన్ పక్కనుంచి పోతూ ఆగాడు. "ఎక్కువ మిగిలితే నేనెప్పుడూ దులుపుతానండి. ముందు కర్ర పట్టుకుని చూసుకుంటాను. చేప లాగుతుంటే చేతికి తెలుస్తాదండి. తక్కువ లాగితే మర్నాటికి నేనే తగ్గించేవాణ్ణి. మీరు కర్ర ముట్టుకోవద్దన్నారు, మేత మార్చొద్దన్నారు. దులపొద్దని అనలేదండి."

అతను వెళ్ళాక కృష్ణబాబు మస్తాన్‌తో అన్నాడు: "మనిషి సంచి దులిపితే మోసపోయే మిషను నాకెందుకండీ? విప్పుకుపోండి."

తండ్రీకూతుళ్ళు యంత్రాలు విప్పుకుని ఏలూరు వచ్చేశారు. షాపులో నాలుగు గొట్టాలూ బల్ల మీద పెట్టాక సుమయ్య అంది: "నాన్నా, ఆయన చేత్తో చూసింది ఆ అదురునే. మనం సగటు తీసి పారేసింది కూడా దాన్నే."

మస్తాన్ ఒక గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఏడాదిన్నర శ్రమపడి కొలతలోంచి తొలగించిన దోషమే చేపల ఆకలి.

"ప్రోగ్రాం మళ్ళీ రాయొచ్చా?" అని అడిగాడు.

"అదురును విడిగా తీయడం పెద్ద పని కాదు. కానీ ఎంత అదిరితే ఎంత తిన్నట్టు? మన దగ్గర సగటులే ఉన్నాయి, అసలు అంకెలు దాచలేదు. అది తెలిసిన మనిషి ఒక్కడే."

సెప్టెంబరు రెండో వారంలో మస్తాన్ బస్సు దిగి, పడవ దాటి, కొల్లేటికోట వెళ్ళాడు. ముత్యాలరాజు భార్య నూకరత్నం గుమ్మంలో వల బాగుచేస్తోంది. పేరు చెప్పగానే ఆమె చేతులు ఆగాయి.

"మిషను సాయిబుగారా? ఆయన లేరండి. రొయ్యల చెరువుల పనికని కూలీల మేస్త్రీ నెల్లూరు వైపు తీసుకుపోయాడండి. ఇక్కడ ఏ చెరువు మీదా ఆయన్ని పనిలో పెట్టుకోలేదు. చెరువు చంపినవాడని పేరు పడిపోయింది గదండీ."

"ఏ ఊరమ్మా? ఫోను నంబరేమైనా ఉందా?"

"ఊరి పేరు తెలీదండి. ఫోనెక్కడిదండీ మాకు? ఆయనతో ఏం పనండీ?"

"ఆయన్ని అడిగి తెలుసుకోవలసింది ఉందమ్మా. కర్ర పట్టుకుంటే చేతికి ఎలా తెలుస్తుందో."

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. "ఇప్పుడా అండీ అడగడం?"

ఆమె లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఆయనకి మీ మీద కోపం లేదండి. మిషను ఉన్నదే చెప్పిందన్నారు. తాగండి, పడవెళ్ళిపోద్ది."

మస్తాన్ ఆ తరువాత మరో రెండుసార్లు కొల్లేటికోట వెళ్ళాడు. మొదటిసారి కబురేమీ రాలేదని నూకరత్నం చెప్పింది. రెండోసారి, డిసెంబరులో, ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్ళను అడిగితే, ఆమె కూడా పనికి వెళ్ళిపోయిందనీ, ఎక్కడికో తమకు తెలియదనీ అన్నారు.