క్రేన్ దయానందం గారి చుట్టాలు

దయానందం గారికి ఒక జబ్బు ఉంది. ఎదురుపడ్డ మనిషితో చుట్టరికం కలపందే ఆయనకు అన్నం సహించదు. ఆ జబ్బు మనందరికీ కొద్దో గొప్పో ఉన్నదే. "మీదే ఊరు?" అని మొదలెట్టి, ఇంటిపేరు అడిగి, ఫలానా వాళ్ల తోడల్లుడు మీకేమవుతాడని లాగి, చివరికి ఎక్కడో ఒకచోట ముడి వేస్తాం. అయితే మన జబ్బు ఇచ్ఛాపురంలో మొదలై తుని దగ్గర ఆగిపోతుంది. ఆయనది కాశ్మీరు దాకా పాకింది.

ఇంటిపేర్లతో ఆయనకు పనిలేదు. ముప్పై ఆరేళ్లు పోర్టులో క్రేన్ నడిపిన మనిషి. ఏ ఊరి పేరు చెప్పినా, అక్కణ్ణుంచి ఏ సరుకు వచ్చింది, అక్కడికి ఏ సరుకు పోయింది అన్నదే ఆయనకు గుర్తొస్తుంది. నేను గాజువాకలో ఆయన పక్కవాటాలో అద్దెకు దిగిన రోజున మాది నిజామాబాదు అని చెప్పాను. అదే నేను చేసిన పాపం.

"నిజామాబాదా! మీ పసుపు బస్తాలు నా క్రేన్ మీదే ఓడెక్కినాయి. నా సొక్కా నెల్రోజులు పచ్చగుండేది. నువ్వు మా మేనల్లుడివి."

"పసుపుకీ మేనల్లుడికీ ఏం సంబంధమండీ?"

"అండీ ఏటి? మావయ్యా అను."

అన్నాను. పన్నెండేళ్లయింది, ఇంకా అంటూనే ఉన్నాను.

ఒకసారి టీకొట్టు దగ్గర లుధియానా నుంచి వచ్చిన లారీ డ్రైవరు కనబడ్డాడు. ఆరడుగుల సర్దార్జీ. మావయ్యకు వచ్చిన హిందీ అంతా కలిపితే ఒక బీడీకట్ట మీద పడుతుంది. అయినా వదల్లేదు.

"బావా! మీ గోధుమసేలకి ఎరువు ఎవుడు దించినాడనుకున్నావ్? నానే! మీ ఇంటి రొట్టెలో నా సెయ్యుంది."

సర్దార్జీ బిత్తరపోయి నా వంక చూశాడు. నేను వచ్చినంత హిందీలో విడమరిచి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, మావయ్యను కౌగిలించుకుని నేలమీంచి ఎత్తేశాడు. "సూసినావా, అప్పుడే మోసేత్తన్నాడు మా బావ!" అని గాల్లోంచే మావయ్య మురిసిపోయాడు.

ఆస్పత్రిలో బీపీ చూడటానికి వచ్చిన నర్సు కొల్లం అమ్మాయి. "మా జీడిపిక్కలు మీ ఊరొచ్చి కాపరం సేసి పప్పైపోతాయి. నువ్వు మా కోడలివమ్మా" అన్నాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక రెండుసార్లు బీపీ తప్పు రాసింది.

చుట్టరికం కలిశాక ఊరుకుంటాడా! ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రమ్మంటాడు. వాళ్లు వస్తారు. జాలరిపేట నుంచి తెచ్చిన వంజరం ముక్కలు ఎన్నైనా చాలవు. రత్నమణి అత్తయ్య గరిటె పట్టుకుని వాకిట్లోకి వస్తుంది.

"ఏటయ్యా, నాను ఒండేది ఇంటికా, ఇండియాకా?"

కూతురు ఫెబా పెళ్లిలో ఫొటోగ్రాఫరు "ఇంటివాళ్లు మాత్రమే రండి" అన్నాడు పాపం. అరవై ముగ్గురు లేచి వచ్చారు. బెంచీలెక్కారు, కుర్చీలెక్కారు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో వేలాడుతోంది. అందులో పెళ్లికొడుకు చెవి ఒకటే కనబడుతుంది.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా, మొన్న వేసవిలో కాలనీ వాళ్ల ఫోన్లలో ఒక మెసేజీ తిరిగింది. వేరే భాష మాట్లాడే కూలీలంతా సరిహద్దు దాటి వచ్చినవాళ్లేనట. పంపినవాడెవడో తెలియదు, నమ్మినవాళ్లు మాత్రం చాలామంది. మా కాలనీ సంఘం ప్రెసిడెంటు గురునాథరావు గారు చెడ్డమనిషి కాదు, భయస్థుడు. వేరే భాషల రాష్ట్రాల నుంచి వచ్చి అద్దెకున్న ప్రతి ఒక్కరూ ఒక ఫారం నింపాలన్నారు. అందులో 'ఈ ఊళ్లో ఉన్న బంధువు పేరు, వరస' అని ఒక గడి. కింద ఆ బంధువు సంతకం. గడి ఖాళీగా ఉంటే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి.

అందరికన్నా ముందు వణికిపోయినవాడు సలీం. మాల్దా నుంచి వచ్చి టైల్స్ పరిచే కుర్రాడు. ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది, ఊళ్లో బంధువు మాత్రం లేడు. భార్య రెహానాకు తొమ్మిదో నెల. ఈ స్థితిలో ఆ పిల్లను తీసుకుని ఎక్కడికని వెళ్తాడు?

ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. సంఘం సెక్రటరీని గనుక ఫారాలు చదవడం నా పని. మొదటిది తీశాను. బీహార్ ఎలక్ట్రీషియన్. బంధువు దయానందం, వరస పెదనాన్న. రెండోది ఒడిశా వంటమనిషి. బంధువు దయానందం, వరస మేనమామ. మూడోది జార్ఖండ్ వెల్డరు. దయానందం, బావ. ముప్పై ఒక్క ఫారాలు, ముప్పై ఒక్క దయానందాలు. హాలంతా ఒకటే నవ్వు.

గురునాథరావు గారు మాత్రం నవ్వలేదు. "దయానందం గారూ, కింద ఏం రాసుందో చదివారా? వీళ్లలో ఎవరు తప్పు చేసినా బాధ్యత మీది. రేపు పోలీసులొస్తే మిమ్మల్నే తీసుకెళ్తారు."

"సదివే ఎట్టినాను సంతకం" అన్నాడు మావయ్య. "తీసుకెల్లనీండి. సుట్టమన్నాక పెళ్లికే ఎల్తామేటి, స్టేషనుకీ ఎల్లాల."

గురునాథరావు గారు ఫారాల కట్ట పక్కకు జరిపారు.

"మీకెందుకండీ ఇంత తాపత్రయం?"

"నాను పుట్టింది రంగూన్‌లో గురునాథరావుగారూ. నాకు నాలుగేళ్లప్పుడు 'మీరు ఇండియావోళ్లు, పొండి' అన్నారు. ఓడెక్కి ఇక్కడ దిగితే 'బర్మావోళ్లు, ఇల్లియ్యం' అన్నారు. మా యమ్మ నన్ను సంకనేసుకుని వానలో ఈదీదీ తిరిగినాది. సివరికి సేపలమ్ముకునే నారాయణమ్మని ఒకావిడ, 'మా తాత రంగూన్‌లో కూలి సేసినాడు, నువ్వు నాకు సెల్లెలివే' అని లోపలికి పిలిసినాది. అది సుట్టరికవేటండి? కాదు. కానీ ఆ పూట మేం తడవలేదు."

పన్నెండేళ్లలో ఈ సంగతి నాకు ఒక్కసారీ చెప్పలేదు. నేను ఆయన్ను చూసి నవ్విన ప్రతిసారీ ఆయన కూడా నాతో కలిసి నవ్వాడు. నాకు సిగ్గేసింది.

అడుగున ఇంకొక ఫారం మిగిలింది, సలీంది. బంధువు దయానందం. వరస ఖాళీ.

"నాకు తెలీలేదు సార్, ఏం రాయాలో" అన్నాడు సలీం తలొంచుకుని.

"ఖాళీ ఉంటే కుదరదు" అన్నారు గురునాథరావు గారు. ఈసారి ఆయన గొంతు మెత్తబడింది, కానీ రూలు ఆయనే పెట్టారు మరి.

అందరం మావయ్య వైపు చూశాం. ఆయన కళ్లు మూసుకుని, "మాల్దా... మాల్దా..." అని గొణిగాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఏ సరుకూ తట్టలేదు. సలీం గోడకు ఆనుకున్నాడు.

ఆడవాళ్ల వరసలోంచి రత్నమణి అత్తయ్య లేచింది.

"ఆ పిల్లకి నెలలు నిండినాయి. తొలికాన్పు. పుట్టింట్లో కదా పురుడు పొయ్యాల? ఆల్ల పుట్టిల్లు రెండ్రోజుల రైలు. పక్కనే నానుండగా అంత దూరం ఎందుకెల్తాది? అది నా కూతురు. అంటే ఈడు మా అల్లుడు. రాసుకో బాబూ."

రాసుకున్నాను. గురునాథరావు గారు ఫారం అందుకుని, కళ్లజోడు సరిచేసుకుని, 'అల్లుడు' అన్నచోట తానే టిక్కు పెట్టారు. పురిటికి వచ్చిన పిల్లను ఇంట్లోంచి పంపేసే రూలు పెట్టే ధైర్యం ఏ ప్రెసిడెంటుకుంటుంది?

మర్నాడు పొద్దున్నే మావయ్య గోడ మీంచి తల పెట్టాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"ఏమైంది మావయ్యా?"

"ఇన్నేళ్లు నాను కలిపిన సుట్టాలకి పులుసన్నంతో సరిపోయీది. మీ అత్తయ్య ఒక్కర్ని కలిపినాది, రాత్రే పెళ్లాంతో సహా ఇంటికి తెచ్చేసినాది. కొత్తల్లుడు తినేదాకా కోడి మీద సెయ్యెయ్యొద్దంతంది."

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది: "ఏటి, ఈదిలో కబుర్లు సెప్తన్నావ్? అల్లుడుగారికి నీళ్లు తోడావా?"

మావయ్య బకెట్ పట్టుకుని పరుగెత్తాడు.