నైజాం ఏరియాకు పిన్ కోడ్

2015 ఆగస్టులో పంజగుట్టలోని ఒక ఆన్‌లైన్ సినిమా డౌన్‌లోడ్ సంస్థలో హక్కుల విభాగం మేనేజరుగా చేరాను. సినిమా హక్కు ఎవరిదో, ఏ దేశంలో ఏ ధరకు అమ్మవచ్చో కాగితాలు చూసి తేల్చడం నా పని. నా సంతకం లేనిదే సినిమా సైటు ఎక్కేది కాదు.

ఆ డిసెంబరులో, గుంటూరు నుంచి వచ్చి ఎర్రమంజిల్‌లో స్థిరపడ్డ నిర్మాత సుబ్బారాయుడుగారు తన పాత సినిమా తెచ్చారు. ప్రింట్లన్నీ పాడైపోగా మిగిలింది ఒక్క డిజిటల్ కాపీ. విదేశాల్లో వెంటనే పెట్టేశాం. ఇండియా దగ్గర ఆగింది. తెలుగు సినిమాను నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలుగా అమ్మడం పాత ఆనవాయితీ. దీని నైజాం హక్కు, అంటే తెలంగాణ మొత్తం, 'ఏ విధమైన ప్రదర్శనకైనా' అన్న మాటతో అమీర్‌పేట డిస్ట్రిబ్యూటరు యాదగిరిగారికి శాశ్వతంగా రాసి ఉంది. మిగతా ఏరియాలు సుబ్బారాయుడుగారి దగ్గరే ఉన్నాయి. కానీ సినిమాను ఎక్కడ చూపాలో ఎక్కడ ఆపాలో చూసే మా సైటు తాళానికి దేశాలే తెలుసు, ఏరియాలు తెలియవు. ఆయన కాదంటే దేశమంతా మూతే.

సుబ్బారాయుడుగారు రోజూ ఫోనులో తెరిచి, "మీ ప్రాంతంలో లభించదు" అన్న మాట చదివి, నాకు ఫోను చేసేవారు. "నా సినిమా చూడ్డానికి నేను దుబాయ్ వెళ్లాలాండీ?"

ఇద్దరినీ ఆఫీసుకు పిలిచాను. యాదగిరిగారు అగ్రిమెంటును ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీయకుండానే చూపించారు.

"మేడం, నా దగ్గర ముప్పై సినిమాలుండె. ఇప్పుడు గిదొక్కటే. ఇది సుత ఇచ్చేస్తే నేను డిస్ట్రిబ్యూటర్ ఎట్లయిత?"

కొనేవాళ్లు పేరు నమోదు చేసుకునేటప్పుడు పిన్ కోడ్ రాస్తారు. తెలంగాణ పిన్ కోడ్‌లు యాభైతో మొదలవుతాయి. అలా మొదలైన ప్రతి అమ్మకంలో డిస్ట్రిబ్యూటరు వాటా యాదగిరిగారిదని, మిగతాది సుబ్బారాయుడుగారిదని ఒప్పందం రాసి ఇద్దరి చేతా సంతకం చేయించాను. తాను నేల టికెట్టు ఎన్నడూ పెంచలేదని, ఇదీ చవగ్గానే ఉండాలని యాదగిరిగారు పట్టుబట్టడంతో, విదేశాల్లో రెండు వందలు దాటిన ధరను ఇక్కడ యాభై రూపాయలు చేశాం. జనవరిలో సినిమా తెరుచుకుంది.

ఏప్రిల్‌లో మొదటి మూడు నెలల లెక్క పిన్ కోడ్‌ల వారీగా పంపగానే యాదగిరిగారు వచ్చి, సంతకం వెనక్కి తీసుకుంటానన్నారు.

"మా ఆఫీసు కింద హాస్టల్ల పోరగాళ్లు మస్తుగ చూస్తున్నరు. నా కండ్లతోని చూసిన. లెక్కల ఒక్కడు లేడు."

ఆ మధ్యాహ్నమే హాస్టలు మెస్‌కు వెళ్లి అడిగాను. కంప్యూటరు కోర్సులకని గుంటూరు, కాకినాడల నుంచి వచ్చిన పిల్లలు. అందరూ సొంతూరి పిన్ కోడే రాశారు. కాగితం ప్రకారం ఆ వాటా సుబ్బారాయుడుగారిదే. ఎంతమందో తేల్చే దారి లేదు. ఆయనకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వారు.

"మావాళ్లు ఎక్కడున్నా ఊరి అడ్రసే రాస్తారండీ. తింటున్నది అమీర్‌పేట మెస్సులో కదా. యాదగిరిగారికి ఎంత తోస్తే అంత రాసుకోమనండి."

పైన తన ఆఫీసులో దెబ్బలాటకు సిద్ధమై కూర్చున్న యాదగిరిగారికి ఆ మాట చేరవేశాను. ఆయన అగ్రిమెంటు కవరును పక్కకు జరిపారు.

"ఏమొద్దు మేడం. ఆయన ఊరి పిలగాండ్లే గద. ఇగ మీదనన్న జర సరిగ్గ రాపియ్యుండ్రి."

సినిమా సైటులోనే ఉండిపోయింది. మా ఫారంలో 'పిన్ కోడ్' అన్నచోట 'ప్రస్తుతం ఉంటున్న చోటి పిన్ కోడ్' అని మార్పించాను. ఒప్పందంలో ఏరియా పేరు రాస్తే సరిపోదు. కొనేవాడిది ఏ ఊరన్నది లెక్కో, ఏ ఊళ్లో ఉన్నాడన్నది లెక్కో కూడా రాయాలి. 2019లో రిటైరయ్యేదాకా ఆ వాక్యం లేని ఒప్పందం మీద నేను సంతకం చేయలేదు.