పన్నెండు గీతలు, ఒక ఆకుపచ్చ టిక్కు

2006లో నన్ను కర్నూలు జిల్లా కార్యాలయంలో ఉప గణాంకాధికారిగా వేశారు. శాఖ పేరు చెప్పను, పింఛను ఇంకా అక్కడి నుంచే వస్తోంది. మా పని పంట కోత ప్రయోగాల లెక్క తేల్చడం. మండలంలో కొన్ని పొలాలను లాటరీ పద్ధతిలో ఎంచి, ఒక్కో పొలంలో ఐదు మీటర్ల చదరం కొలిచి, అందులోని పంట తీసి తూస్తారు. ఆ తూకాల సగటే మండల దిగుబడి. అది బాగా పడిపోతేనే మండలం కరువు జాబితాకెక్కుతుంది. ఎక్కితేనే రైతుకు మళ్లీ విత్తనం దక్కుతుంది.

ఆ ఏడాదే హైదరాబాదు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ దిగింది. ప్రోగ్రాము రాయనక్కర్లేదట. తెరమీద డబ్బాలుంటాయి: ఫైలు చదివేది, వడపోసేది, సగటు తీసేది. మౌసుతో లాగి వదిలి మధ్యలో బాణాలు గీస్తే సమాచారం కాలవ నీళ్లలా పారుతుందన్నారు. మా జిల్లాలో కాలవ నీళ్లు ఎలా పారతాయో శిక్షణ ఇచ్చినాయనకు తెలియదు పాపం.

రెండు రోజుల్లో నేను నిపుణురాలినైపోయాను. ‘ఖాళీలు తొలగించు’ అనే డబ్బా ముచ్చటగా కనిపిస్తే దాన్నీ లాగి వదిలాను. అన్నిటిమీదా ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. మా అధికారి ఆ బొమ్మను రంగుల్లో ప్రింటు తీయించి గోడకు అంటించారు. హారతి ఒక్కటే తక్కువ.

జాబితా పంపడానికి ఒక రోజు ముందు, ఆదోని వైపు ఒక మండలంలో ఈ కోతలు చేయించే మద్దిలేటి ఫారాల కట్టతో వచ్చాడు. తన మండలం జాబితాలో లేదని ఆయనకు తెలిసింది.

“మా మండలంలో బుడ్డలు పండినాయని ఎవురు చెప్పినారు మేడమ్?”

బుడ్డలంటే అక్కడ వేరుశనగ. కంప్యూటర్ చెప్పిందన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన ఫారాలు బల్లమీద పరిచాడు. పదహారు వేరుశనగ చేలలో పన్నెండింటికి తూకం గడిలో అడ్డగీత ఉంది. “చెట్టు పీకితే కాయ ల్యాకుండా వట్టి యేరు వచ్చె. తూకమేసేదానికి ఏముండాది? రైతు పేరు కాడ సున్నా రాస్తే కీడని గీత కొడతాం. శానా ఏండ్ల నుంచి అట్లే కొడతాండాం.”

టైపు చేసేటప్పుడు ఆ గీతలు ఖాళీ గడులయ్యాయి. నా డబ్బా వాటిని ఊడ్చిపారేసింది. మిగిలినవి బోరు కింద పండిన నాలుగు చేలు. వాటి సగటుతో మండలమంతా పచ్చగా ఉందని తేల్చాను. నాకు ఒళ్లు మండింది, ముందు సాఫ్ట్‌వేర్ మీద, తర్వాత నా మీద.

ఆ డబ్బా తీసేసి, ఖాళీలను సున్నాలుగా మార్చేది పెట్టి, అన్ని మండలాల ఫారాలతో సరిచూశాను. మళ్లీ అవే ఆకుపచ్చ టిక్కులు. తప్పుకైనా ఒప్పుకైనా దానికి ఒకటే రంగు. మద్దిలేటి మండలం, దాంతోపాటు మరో రెండు, జాబితాకెక్కాయి.

కొన్నాళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ వాడినందుకు మా కార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చింది. మద్దిలేటికి మెమో వెళ్లింది, గడిలో అంకె వేయనందుకు సంజాయిషీ ఇవ్వమని. డబ్బా లాగింది నేనే, అధికారి తరఫున ఆ మెమో మీద సంతకం పెట్టిందీ నేనే.

నేర్చుకున్నది ఒకటే. ఏ డబ్బా వాడినా, అది ఏం పారేసిందో ముందు చూడాలి. ఆ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నేనూ మెమోలో రాయలేదు.