టెగ్వెన్ ఎంచుకున్న కుక్క

కుక్కను చూడగానే దాని గుణం చెప్పేస్తుందని పెంబ్రోక్‌షైర్ తీరం పొడుగునా టెగ్వెన్‌కు పేరు. ఆ పేరు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. అన్న ఇథెల్ కాలు ట్రాక్టరు కింద నలిగిపోయిన ఏడు, కుందేళ్ల వేటలో అతనికి తోడు నడవడానికి ఇంట్లో ఇంకెవరూ లేక ఆమె నడిచింది. ఆ ఒక్క చలికాలమే కదా అనుకుంది. తర్వాత తండ్రి పోయాడు, తల్లి పోయింది, ఆమె జుట్టు నెరిసింది, ఆ చలికాలం మాత్రం అయిపోలేదు.

సముద్రం వైపు కొండచరియల మీద గోర్స్ అనే పసుప్పచ్చ పూల ముళ్లపొదలుంటాయి. వాటిలోకి దూరిన మనిషి బట్టలే కాదు, ఒంటి తోలు కూడా కొంత అక్కడే వదిలి రావాలి. కుందేళ్లు పగలంతా ఆ పొదల్లో దాక్కుని, పొద్దుగూకగానే రైతుల పైరు మీద పడతాయి. రైతులు కబురు పెడితే అన్నాచెల్లెళ్లు వెళ్తారు. ఇథెల్ పొలం గేటుకు చేరగిలబడి తుపాకీ పట్టుకుని నిలబడతాడు. టెగ్వెన్ పొద అంచున టెర్రియర్ అనే చిన్న వేటకుక్కను వదులుతుంది. అది లోపలికి దూరి కుందేళ్లను బయటికి తోలుతుంది. చచ్చిన కుందేళ్లు కొన్ని కసాయి కొట్టుకు పోతాయి, కొన్ని వాళ్ల గిన్నెలో ఉల్లికాడలతో ఉడుకుతాయి. జీవితమంతా ఆ ఉడుకుతున్న వాసనే.

కార్డిగన్ ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు నడిపే గెథిన్, భార్య పోయిన మనిషి, ఆమెను పెళ్లి చేసుకుంటానని ఏళ్లుగా అడుగుతున్నాడు. మేకులు తూస్తూ కూడా నవ్వించగల మనిషి. కొట్టు మీద రెండు గదులున్నాయి, కిటికీ తెరిస్తే నది కనబడుతుంది. ఆ గదుల్లో చేతులు తడి లేకుండా, వెచ్చగా, ముళ్లు లేకుండా ఉంటాయన్న ఆలోచనే టెగ్వెన్‌కు చాలాసార్లు నిద్ర పట్టించింది. "ఫ్లోస్ ఉన్నంత కాలం రాలేను" అని గెథిన్‌కు చెప్పింది. ఫ్లోస్ ముసలి కుక్క. అది పోతే వేటా పోతుంది. అప్పుడు ఇథెల్ పాల ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే ఉద్యోగానికి ఒప్పుకోక తప్పదు. వాళ్లు పిలుస్తూనే ఉన్నారు, ఇతనే బెట్టు చేస్తున్నాడు. ప్రేమగా పెంచుకున్న కుక్క చావు కోసం ఎదురుచూడటం ఎంత పాపిష్టి పనో ఆమెకు తెలుసు. దాని నోట్లో పాలు పోస్తూనే ఎదురుచూసింది.

ఆకులు రాలే రోజుల్లో ఫ్లోస్ పోయింది. ఇథెల్ కుంటుకుంటూ తనే గొయ్యి తవ్వి పూడ్చాడు. పార కడిగి గోడకు ఆనించి, వేటకుక్కల్ని పెంచి అమ్మే డిల్విన్ దగ్గర కుక్కలున్నాయట, రేపు వెళ్లి ఒకటి చూసుకుని వద్దామన్నాడు. టెగ్వెన్ తలూపింది. వద్దు అనొచ్చు కదా అంటారేమో. అనగలిగిన మనిషైతే ఈ కథే లేదు. తల్లి చనిపోతూ వీణ్ణి చూసుకోమని ఆమె చెయ్యే పట్టుకుంది. అలా మాట ఇచ్చిన ఆడవాళ్లకు ఆ ఊరి ప్రార్థన మందిరంలో ఎంత మర్యాదో, ఆ మాట దాటిన వాళ్లకు అంత నిశ్శబ్దం.

ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ పొర్లుతుంటే ఆమెకు దారి తోచింది. నోటితో వద్దనక్కర్లేదు. పనికిరాని కుక్కను తెస్తే చాలు. ఎన్నడూ తప్పని కన్ను ఒక్కసారి తప్పితే ఎవరు అనుమానిస్తారు?

డిల్విన్ పెరట్లో కంచె వెనక టెర్రియర్లు గోల పెడుతున్నాయి. ఇథెల్ వ్యానులోంచి దిగి, తెల్లటి గరుకు బొచ్చు ఆడకుక్క తల నిమిరాడు. దాని పేరు నెల్. తర్వాత మళ్లీ వెళ్లి వ్యానులో కూర్చుని, చెల్లెలితో ఒక్క మాటే అన్నాడు.

"బాగా ఆలోచించుకో టెగ్వెన్. నువ్వేది తెస్తే అదే. నేనేమీ అనను."

అంత నమ్మకం పెట్టాడే అని ఆమెకు గుండె చివుక్కుమంది. అయినా కంచె దగ్గరికి నడిచింది.

డిల్విన్ ఒక్కొక్కదాన్నీ బయటికి వదిలాడు. చిన్న జాక్ రస్సెల్ జాతి కుక్క చురుకైనదే కానీ, సన్నటి ఛాతీ, బొరియ కనిపిస్తే చాలు లోపలికి దూరి సాయంత్రం దాకా రాదు. నల్లటి లేక్‌ల్యాండ్ జాతిది కుందేలును బయటికి తోలదు, పొదలోనే కొరికి చంపేస్తుంది. నెల్ జాక్ రస్సెల్ రక్తమే కానీ పొడుగు కాళ్లది, ఛాతీ వెడల్పు, బొరియలో పట్టదు. ముళ్లు దిగని బొచ్చు. తెల్లగా ఉంటుంది కాబట్టి ఎంత చిక్కటి పొదలోనైనా కనిపిస్తుంది. కుందేలు వాసన తగిలిన క్షణం నుంచి అది బయట పడేదాకా ఆపకుండా అరుస్తుంది, ఈల వేస్తే వెనక్కి వస్తుంది. కళ్లున్న వాళ్లెవరైనా నెల్‌నే తీసుకుంటారు. చివరిది మోట్, బోర్డర్ జాతి. ధైర్యం ఉంది, ముళ్లంటే లెక్కలేదు. కానీ ఎండిపోయిన ఫెర్న్ ఆకులాంటి గోధుమరంగు, పొదలోకి దూరాడంటే పొదలో కలిసిపోతాడు. పైగా పనిలో నోరు విప్పడు.

టెగ్వెన్ మోట్ మెడకు తాడు కట్టింది.

డిల్విన్ ఆమెనూ కుక్కనూ మార్చి మార్చి చూశాడు. "పొదల్లోకి వీడా అమ్మాయ్? వీడెక్కడున్నాడో వీడి కన్నతల్లికైనా తెలీదు. నెల్‌ని పట్టుకుపో."

"దాని గోల నేను పడలేను బాబాయ్" అంది టెగ్వెన్. ఆ అబద్ధం నాలుక మీద చేదుగా తగిలింది. వ్యానులో ఇథెల్ మోట్‌ను తేరిపార చూశాడు. తర్వాత చెయ్యి చాచి వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు.

హాప్కిన్ అనే రైతు కొండచరియ మీద పని మొదలైంది. మోట్ పొదలోకి పోయాడు, అంతే, చప్పుడు లేదు. ఇథెల్ ఎడమవైపు చూస్తుంటే కుందేళ్లు కుడివైపు నుంచి పోయాయి. తుపాకీ తిప్పేలోపు ఖాళీ గడ్డి. హాప్కిన్ మొహం ముడుచుకున్నాడు. ఇంకో రెండు మూడు పొలాల్లో ఇలాగే అయితే మన పని అయిపోయినట్టేనని టెగ్వెన్ గుండె తేలికపడింది. అంతలో ఎండిన ఫెర్న్ మధ్య గోధుమరంగు వీపు ఒకటి కదిలింది. ఇథెల్ తుపాకీ ఎత్తాడు. అది కుందేలు కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

వద్దు వద్దని అరుస్తూ ముళ్లలో పడి పరుగెత్తింది. ఇథెల్ గొట్టం ఆకాశానికి ఎత్తేశాడు. ఆమె మోట్‌ను రెండు చేతులా ఎత్తుకుని అక్కడే కూలబడిపోయింది. మొహం నిండా రక్తపు గీతలు. వాడు తోక ఊపుతూ ఆ గీతలు నాకాడు. ఎంత నీచానికి దిగాను అనుకుంది. వాణ్ణి పొదలోకి ఒంటరిగా వదలడం ఇక ఆమె వల్ల కాలేదు.

అప్పటి నుంచి కుక్కతోపాటు తనూ పొదలోకి దూరేది. కొమ్మల కొసలు ఎలా ఊగుతున్నాయో చూసి, మోట్ ఎక్కడున్నాడో, కుందేలు ఎటు రాబోతోందో కేకేసి చెప్పేది. ఆ కేకను బట్టి ఇథెల్ కాల్చేవాడు. చెడగొడదామని తెచ్చిన పనిని ఆమె ఒళ్లు ఆమెను అడక్కుండానే చక్కబెట్టేసింది. ఫ్లోస్ ఉన్న రోజుల్లో కూడా అన్ని కుందేళ్లు పడలేదు. రైతులు మళ్లీ వరసగా పిలవడం మొదలుపెట్టారు. చేతకానితనం నటించడం కూడా చేతకాలేదే అని టెగ్వెన్‌కు తన మీద తనకే ఒళ్లు మండేది. ఈ మంచు కరిగేదాకా ఆగి, గెథిన్ దగ్గరికి వెళ్లి ఏదో ఒకటి చెప్పాలనుకుంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర వేడి పులుసులో రొట్టె ముంచుకుని తింటున్నారు. ఇథెల్ తల ఎత్తకుండా, సంతలో గెథిన్ కనబడ్డాడనీ, అతనికి విషయం చెప్పేశాననీ అన్నాడు.

"ఏం చెప్పావ్ అన్నయ్యా?"

"నువ్వు రావని. ఇంకా ఎన్నాళ్లు ఆశపెట్టుకుంటాడు పాపం."

టెగ్వెన్ చేతిలో రొట్టె ముక్క పులుసులో పడిపోయింది. గెథిన్ సంగతి ఇతనికి తెలుసనే ఆమెకు తెలియదు.

"నీ మీదే బతుకుతున్నానని నాకు తెలీదా?" అన్నాడు ఇథెల్. "నువ్వు నెల్‌ని తెస్తావనుకున్నాను. అది వాగుడుకాయ కదా. గేటు దగ్గర నిలబడి వింటే చాలు, అదెక్కడుందో గుడ్డాడికైనా తెలుస్తుంది. ఈలేస్తే వచ్చేస్తుంది. హాప్కిన్ తన జీపులో తిప్పుతానన్నాడు కూడా. నిన్ను పంపించేద్దామనే వెళ్లాను ఆవేళ. కానీ వెళ్లిపొమ్మంటే తరిమేసినట్టుంటుందని నీ ఇష్టానికే వదిలేశాను." పులుసు గిన్నె వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు మోట్‌ని తెచ్చావు. నీ గొంతు లేకపోతే వాడు కుక్కే కాదు. నన్ను వదల్లేవని అప్పుడే అర్థమైంది. సిగ్గేసింది టెగ్వెన్. అబద్ధమెందుకు, సంతోషం కూడా వేసింది."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి పోయినప్పుడు కూడా ఇథెల్ కళ్లలో నీళ్లు ఆమె చూడలేదు.

టెగ్వెన్ పులుసులో పడ్డ రొట్టె ముక్కను చెంచాతో పైకి తీసింది. వెళ్లాలనే ఉంది అన్నయ్యా అంటే, మరి మోట్‌ని ఎందుకు తెచ్చావని అడుగుతాడు. దానికి జవాబు ఒక్కటే. నీ వేట ముంచుదామని తెచ్చాను. ఆ మాట ఈ కళ్లలోకి చూసి ఎలా చెప్పడం? పోనీ ఇంకేదైనా చెబుదామంటే, కుక్కల సంగతి ఆమెకు తెలియక పొరపాటు పడిందంటే ఆ తీరంలో నమ్మే నాథుడు లేడు. అన్న దగ్గర మొదలుపెట్టి.

"నెల్ ఇంకా డిల్విన్ బాబాయ్ దగ్గరే ఉందా?" అంది చివరికి.

"అలాంటి కుక్కని ఎవడు వదుల్తాడు? మర్నాడే ఎవరో పట్టుకుపోయారట. ఇప్పుడు దానితో ఏం పని?"

"ఊరికే అడిగాను."

ఇథెల్ మోట్‌కు ఒక ఎముక వేసి, మంచు విడిచింది, చీకటి పడేలోపు చరియ మీద ఒక పొద చూసి వద్దామన్నాడు. ఆమె లేచి కోటు వేసుకుంది. గేటు దగ్గర అతను చేరగిలబడి తుపాకీలో తూటాలు నింపుకుంటుండగా కుక్కను వదిలి, దాని వెనకే వంగి ముళ్లలోకి దూరింది. కాసేపటికి ఎడమవైపు, ఎడమవైపు అని లోపలి నుంచి ఆమె కేక వినిపించింది. ఇథెల్ నవ్వుకుంటూ తుపాకీ అటు తిప్పాడు.